రోహిణి ఎండలో తవ్విన గొయ్యి, కార్తీకంలో నిండే సెల్లార్

సింగరాయకొండ నుంచి ముత్తుకూరు దాకా సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఇసుక నేలల్లో దొరువు అనే మాట తెలియని రైతు ఉండడు. ఇసుకలో కొన్ని అడుగుల గొయ్యి తీస్తే చాలు, నీళ్లు ఊరతాయి. పక్కనే సముద్రం ఉన్నా ఆ నీళ్లు తియ్యగానే ఉంటాయి. ఇసుకలోకి దిగిన వాన నీరు అడుగున ఉన్న ఉప్పు నీటికంటే తేలిక కాబట్టి దాని మీద పొరలా తేలుతూ నిలుస్తుంది. ఆ నీళ్లు కుండలతో ముంచి నారుమళ్లు తడిపినవాళ్లకు నేల కింద నీరు ఏ నెలలో ఎంత పైకొస్తుందో కొలవకుండానే తెలుసు. ఇప్పుడు అలాంటి నేలల్లోనే సంపులు, సెప్టిక్ ట్యాంకులు, లిఫ్ట్ గుంతలు, కార్లు పెట్టుకునే సెల్లార్లు కడుతున్నారు. దొరువు తవ్వినవాడు నీళ్లు రావాలని తవ్వాడు. సెల్లార్ తవ్వేవాడు రాకూడదనుకుంటాడు. నేల మాత్రం అదే.

ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో పునాది పనులు ఎక్కువగా ఎండాకాలంలోనే మొదలవుతాయి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో గొయ్యి తీస్తే అడుగు దాకా పొడిగా కనిపిస్తుంది. "ఇక్కడ నీళ్ల సమస్యే లేదు సార్" అనే మాట అప్పుడే పుడుతుంది. నెల్లూరు వైపు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య, ఈశాన్య రుతుపవనాల్లో పడుతుంది. అంటే గొయ్యి చూసి తీర్పు చెప్పేది మే నెలలో, ఆ తీర్పుకు పరీక్ష జరిగేది నవంబర్‌లో. నడుమ ఆరు నెలల్లో గోడలు లేస్తాయి, మట్టి పూడుస్తారు, కాంట్రాక్టర్ బిల్లు కూడా తీసుకుని వెళ్లిపోతాడు. తడి నేలలో కాంక్రీటు కారడానికి అసలు కారణాలు చాలావరకు ఈ ఆరు నెలల ఎడంలోనే ఉన్నాయి. తర్వాత పూసే రసాయనం మంచిదా కాదా అన్నది చాలా చిన్న ప్రశ్న.

మే నెల కూడా ఎప్పుడూ పొడిగానే ఉంటుందని లేదు. పెన్నా డెల్టాలో కాలవలకు నీళ్లు వదిలి ఎడగారు (ఎండాకాలపు) పంట వేసిన ఏడు, పొలాల పక్కన నేలనీటి మట్టం ఎండల్లోనే పైన ఉంటుంది. నెల్లూరు చుట్టూ లేఅవుట్లుగా మారినవాటిలో చాలా చోట్ల నిన్నటిదాకా మాగాణి పొలాలే. తన ప్లాటులో వరి ఆగిపోయినా పక్క చేలో ఆగలేదు. అక్కడ నిలిచిన నీళ్లు ప్రహరీ గోడ దగ్గర ఆగవు.

కాబట్టి మొదట తెలియాల్సింది నీళ్లు గరిష్ఠంగా ఎక్కడిదాకా వస్తాయన్నది. దీనికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. చుట్టుపక్కల పాత బావి ఉంటే దాని ఒర మీద ఏటేటా నీళ్లు నిలిచిన చార కనిపిస్తుంది. ఒక వానాకాలం ఆగగలిగినవాళ్లు చిల్లులు పెట్టిన పీవీసీ పైపుకి సన్న జాలీ చుట్టి నేలలో నిలబెట్టి, వారానికోసారి తాడు దించి చూస్తే లెక్క చేతిలో ఉంటుంది. ఆగలేనివాళ్లు నీరు నేల మట్టం దాకా వస్తుందనుకుని డిజైన్ చేయించుకోవడమే తెలివైన పని. అలా చేయించుకుంటే స్టీలు కొంత పెరుగుతుంది. చేయించుకోకపోతే పెరిగే ఖర్చు ముందు అదేమంత పెద్దది కాదు.

ఒంగోలు వైపు నల్లరేగడిది వేరే కథ. రేగడి నీటిని తొందరగా వదలదు, తొందరగా పీల్చదు. అక్కడ బోర్లలో నీటిమట్టం ఎంతో లోతున ఉన్న చోట కూడా సెల్లార్ గోడలు చెమ్మగిల్లడం చూసి జనం ఆశ్చర్యపోతుంటారు. కిటుకు పూడ్చిన మట్టిలో ఉంది. గట్టి రేగడిలో గొయ్యి తీసి, మధ్యలో కాంక్రీటు పెట్టె కట్టి, చుట్టూ మిగిలిన సందును వదులు మట్టితో, ఇటుక ముక్కలతో నింపుతారు. వాన పడితే ఆ సందులోకి దిగిన నీటికి పక్కకు పోయే దారి ఉండదు, కిందికి దిగే దారీ ఉండదు. తొట్టిలో పెట్టిన డబ్బాలా సెల్లార్ నిలబడి ఉంటుంది. అసలు నేలనీరు ఎక్కడో ముప్పై అడుగుల కింద ఉన్నా గోడ మీద పడేది మాత్రం నిండు తొట్టి ఒత్తిడే. పైగా తడిసిన రేగడి ఉబ్బి గోడను నెడుతుంది కూడా. ఇలాంటి నేలలో పూడ్చే సందు అడుగున కంకర పోసి, చిల్లుల పైపు వేసి, నీటికి బయటికి దారి చూపాలి. పైన ఒకటి రెండు అడుగులు నీరు దిగని మట్టిని పొరలుగా దిమ్మిస కొట్టి, ఇంటి చుట్టూ వాలుగా కాంక్రీటు పట్టీ (ప్లింత్ ప్రొటెక్షన్) వేయాలి. ఒంగోలులో చాలా ఇళ్లకు గోడకు అంటించే ఖరీదైన వాటర్‌ప్రూఫ్ షీటు (మెంబ్రేన్) కంటే ఆ వాలు ఎక్కువ మేలు చేస్తుంది.

ఇక నీటి బలం గురించి. లోతు ఒక్క మీటరు పెరిగితే ప్రతి చదరపు మీటరు మీద ఒక టన్ను ఒత్తిడి పెరుగుతుంది. పక్కనుంచి గోడ మీద పడేది అందరికీ తడుతుంది. అడుగునుంచి పైకి తన్నేదే చాలామందికి తట్టదు. పది మీటర్ల వెడల్పు, పదిహేను మీటర్ల పొడవు ఉన్న సెల్లార్ అడుగు నీటిమట్టానికి మూడు మీటర్ల కింద ఉందంటే దాన్ని నీరు 450 టన్నుల బలంతో పైకి ఎత్తుతోందని అర్థం. సెల్లార్ అడుగంతా ఒకే పలకలా పోసే కాంక్రీటును రాఫ్ట్ అంటారు, అర మీటరు మందం రాఫ్ట్ బరువు చదరపు మీటరుకు ఒకటింబావు టన్నే. పైన అంతస్తులు లేచాక భవనం బరువు నీటిని అణిచిపెడుతుంది. లేవకముందు అణిచేది ఏమీ లేదు. అందుకే గొయ్యిలో నీళ్లు తోడే మోటార్లను రాఫ్ట్ పోయగానే ఆపేయకూడదు. డీజిల్ ఖర్చు చూసి ఆపిన చోట రాఫ్ట్ పగలడమో, ఒక పక్క లేవడమో జరుగుతుంది. ఎప్పుడు ఆపవచ్చో చెప్పాల్సింది డిజైన్ చేసిన ఇంజనీరు. అది డ్రాయింగ్ మీద రాసి ఉండాలి.

చిన్న పట్టణాల్లో ఇంకో తప్పు కనిపిస్తుంది. ఒక్కో స్తంభానికి విడిగా పునాది దిమ్మ (ఫుటింగు) వేసి, మధ్యలో సెల్లార్ నేలగా నాలుగంగుళాల కాంక్రీటు పోసి, దాని మీద టైల్స్ పరుస్తారు. పొడి నేలలో అది సరిపోతుంది. నీరు పైకొచ్చే నేలలో ఆ పలుచని బిళ్ల కింద నుంచి తన్నే ఒత్తిడిని ఆపలేదు. స్తంభాలు కదలవు, నేల మాత్రం నడుమ ఉబ్బి చీలుతుంది. ఆ చీలికలో ఏ మందు పోసినా వచ్చే కార్తీకానికి మళ్లీ చీలుతుంది. అక్కడ లోపం పూతలో లేదు, నేలను పైకి తన్నే బలానికి తగినట్టు తిరగేసిన స్లాబులా కట్టకపోవడంలో ఉంది.

సంపు చిన్నదే కదా అనుకుంటారు. లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. బయటి కొలతల్లో మూడు మీటర్ల చదరం, మూడు మీటర్ల లోతు ఉన్న సంపు తీసుకుందాం. గోడలు, అడుగు స్లాబు ఇరవై సెంటీమీటర్ల మందం, పై మూత పదిహేను సెంటీమీటర్లు. కాంక్రీటు మొత్తం బరువు సుమారు 22.7 టన్నులు. నేల మట్టం దాకా నీళ్లు వస్తే పైకి ఎత్తే బలం 27 టన్నులు. పక్క మట్టి రాపిడి కొంత పట్టి ఉంచినా, ఖాళీ సంపు తేలడానికే చూస్తుంది. నిండుగా ఉంటే లోపలి నీళ్లే దాదాపు 18 టన్నులు కాబట్టి భయం లేదు. ఇంజనీర్లు ఖాళీ బరువే ఎత్తే బలానికంటే కనీసం ఇరవై శాతం ఎక్కువ ఉండేలా చూసేది ఇందుకే. అడుగు స్లాబును గోడలకంటే ఓ అడుగు బయటికి పొడిగిస్తే, దాని మీద పడే మట్టి కూడా బరువుగా పనికొస్తుంది. ఇది దాదాపు ఖర్చు లేని ఉపాయం.

2021 నవంబర్‌లో పెన్నాకు వచ్చిన వరద కోవూరు, పడుగుపాడు దగ్గర హైవేనూ రైలు పట్టాలనూ దెబ్బతీసింది. అలాంటి వరద తీశాక ఇంటికి చేరిన కుటుంబం చేసే మొదటి పని సంపులో చేరిన బురద నీటిని మోటారు పెట్టి పూర్తిగా తోడేయడం. పైన నీళ్లు పోయినా నేల ఇంకా నిండుగానే ఉంటుంది, సంపుకు ప్రమాదమైన గంట అదే. పక్కన చిన్న గొయ్యి తీసి నీరు ఎంత కిందికి దిగిందో చూసుకుని, అంతవరకే తోడి, మిగతాది నాలుగు రోజులాగి శుభ్రం చేసుకోవడం మంచిది. ట్యాంకర్ పిలిచి సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేయించేవాళ్లకూ ఇదే మాట వర్తిస్తుంది.

సంపులో ఇంకో చిక్కుంది, అది ఆరోగ్యానికి సంబంధించినది. నీళ్లు బయటికి కారితే నష్టం కరెంటు బిల్లుతో పోతుంది. బయటి మట్టం లోపలి మట్టం కంటే పైన ఉన్నప్పుడు అదే చీలికలోంచి నీళ్లు లోపలికి వస్తాయి. ఇరుకు ప్లాట్లలో సంపుకీ సెప్టిక్ ట్యాంకుకీ మధ్య దూరం ఎంతుంటుందో చెప్పనక్కర్లేదు. వానలు పడ్డాక సంపు నీళ్లు వాసనొస్తే జనం బోరును తిడతారు. రాత్రి అన్ని వాల్వులూ కట్టేసి, గోడ మీద మట్టం గుర్తు పెట్టి, తెల్లారి చూస్తే సరి. నీళ్లు రాకుండానే మట్టం పెరిగిందంటే అందులో కలుస్తున్నది ఏమిటో ఊహించవచ్చు.

బాగా పోసిన కాంక్రీటు తనంతట తానే నీటిని దాదాపు ఆపుతుంది. నీరు నిల్వ చేసే కట్టడాలకు వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 3370 కోడ్ ఊచలున్న కాంక్రీటుకు (ఆర్‌సీసీ) బలంలో కనీసం ఎం30 గ్రేడు, ఘనపు మీటరుకు 320 కిలోల సిమెంటు, సిమెంటు బరువులో 0.45 వంతు మించని నీళ్లు అడుగుతుంది. యాభై కిలోల బస్తాకు ఇది ఇరవై రెండున్నర లీటర్లు. ఇందులోనే ఇసుకలోని తడి కూడా లెక్క. ఏటి నుంచి తెచ్చిన ఇసుకలో ఐదు శాతం తడి ఉన్నా బస్తాకు నాలుగు లీటర్లు అప్పటికే చేరిపోయినట్టు. ఆ లెక్క చూసుకోకుండా, మాల్ జారుగా ఉంటేనే సెంట్రింగ్‌లోకి దిగుతుందని బేల్దారి ఇంకో బకెట్ పోస్తాడు. అతన్నీ తప్పు పట్టలేం. దగ్గరగా కట్టిన ఊచల మధ్యకు ఆ కాంక్రీటు దిగాలి, కాంక్రీటును కుదిపి సర్దే వైబ్రేటర్ అద్దెకు తెచ్చినవాళ్లు లేరు. కానీ ఎక్కువైన నీరు ఆరిపోతూ సన్న దారులు వదిలిపోతుంది. నీళ్లు తగ్గించి, జారుగుణానికి ప్లాస్టిసైజర్ కలిపి, వైబ్రేటర్ పెట్టడం దుకాణంలో దొరికే ఏ వాటర్‌ప్రూఫ్ లిక్విడ్ కంటే మేలు. లిక్విడ్ పనికిరాదని కాదు. సన్న రంధ్రాల్లో నీరు పాకడాన్ని అది తగ్గిస్తుంది. వైబ్రేషన్ లేక కంకర తేలిన హనీకోంబ్‌ని మాత్రం ఏ లిక్విడూ నింపలేదు.

తీరం దగ్గర ఇంకో జాగ్రత్త ఉంది. రొయ్యల చెరువులు ఉన్న విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు లాంటి చోట్ల బోరు నీళ్లు ఉప్పగా తగిలితే, వాటితో కాంక్రీటు కలపడం సెంట్రింగ్‌లోనే తుప్పుకు విత్తనం వేయడం. ఊచలున్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని ఐఎస్ 456 చెబుతుంది. చుట్టూ ఉన్న నేలనీరే ఉప్పుదైతే ఆ కోడ్ ప్రకారం ఎం35, ఊచల మీద 50 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర (కవర్) కావాలి. ఇక్కడ కొందరు సల్ఫేట్ తట్టుకునే ప్రత్యేక సిమెంటు అడిగి తెచ్చుకుంటారు. ఉప్పు నీటి చోట అది తెలివైన ఎంపిక కాదు. ఆ సిమెంటు క్లోరైడ్లను తక్కువగా పట్టి ఉంచుతుంది. ఉక్కు కొలిమి చిట్టెం కలిసిన స్లాగ్ సిమెంటు గానీ, బూడిద కలిసిన పీపీసీ గానీ నయం, కాకపోతే వాటికి కనీసం పది రోజులు మానకుండా నీళ్లు పట్టాలి.

ఇన్ని చేసినా కారేది ఎక్కడ? దాదాపు ప్రతిసారీ ఒకే చోట. రాఫ్ట్‌కీ గోడకీ మధ్య.

రాఫ్ట్ ఒకరోజు పోస్తారు. గోడకు సెంట్రింగ్ కట్టడానికి వారం పడుతుంది. ఆ వారంలో రాఫ్ట్ అంచు మీద సిమెంట్ పాల తెట్టు ఆరిపోతుంది, దాని మీద దుమ్ము, రంపపు పొట్టు, బైండింగ్ వైరు ముక్కలు, బీడీ పీకలు పడతాయి. గోడ కాంక్రీటు వాటి మీదే పడుతుంది. కంటికి ఒకటే గోడలా కనిపించినా రెండింటి మధ్య కాగితమంత సందు చుట్టూరా మిగిలిపోతుంది. సెల్లార్ చుట్టుకొలత యాభై మీటర్లయితే యాభై మీటర్ల చీలికను దగ్గరుండి కట్టుకున్నట్టే. దీనికి విరుగుడు తెలిసినదే. రాఫ్ట్‌తో పాటే గోడను ఓ ఆరంగుళాలు లేపి పోయాలి, అప్పుడు జాయింటు నేల మూల నుంచి పైకి జరుగుతుంది, సెంట్రింగ్ కూడా దానికి బిగువుగా పడుతుంది. ఆ జాయింటు నడిమధ్య నీటికి అడ్డుపడే పీవీసీ పట్టీ, అంటే వాటర్ స్టాపర్, సగం కింద, సగం పైన ఉండేలా పెట్టాలి. గోడ పోసే ముందు తెట్టును వైరు బ్రష్‌తో గీకి, కంకర కనిపించేదాకా గరుకు చేసి, నీళ్లతో కడగాలి.

చెప్పడం సులువే. వాటర్ స్టాపర్ పెట్టి కూడా కారిన చోట్లు బోలెడు. స్టాపర్‌ని ఊచలకు గట్టిగా కట్టకపోతే కాంక్రీటు బరువుకు అది పక్కకు వాలి మడతపడుతుంది, దాని కింద గాలి నిలిచిపోతుంది. రెండు ముక్కలు కలిసే చోట వేడి బ్లేడుతో కరిగించి అతకాల్సింది పోయి, ఒకదాని మీద ఒకటి పెట్టి మేకు కొడతారు. ఆ మేకు రంధ్రం చాలు. మూలలు ఇంకా అధ్వానం. నీటికి ఉబ్బే బెంటొనైట్ పట్టీలు వచ్చాక పని తేలికైంది గానీ వాటికీ ఓ బలహీనత ఉంది. గోడ పోయకముందే వాన పడితే పట్టీ అక్కడే ఉబ్బిపోతుంది, తర్వాత ఉబ్బాల్సిన చోట ఉబ్బదు. అక్టోబర్‌లో పని చేసేవాళ్లు పట్టీని పోసే రోజు పొద్దున అంటించడం మేలు.

జాయింటు తర్వాత చిల్లులు. సెంట్రింగ్ పలకలు విడిపోకుండా గోడ ఈ పక్క నుంచి ఆ పక్కకు రాడ్లు వేసి బిగిస్తారు. పలకలు ఊడదీశాక ఆ రంధ్రాలను సిమెంట్ పూసి మూస్తారు, లోపల బోలుగానే ఉంటుంది. ఒక్కో గోడకు పదులకొద్దీ ఇలాంటివి. అంతా అయ్యాక ప్లంబరు వచ్చి పైపు కోసం గోడకు కొత్త బొక్క కొడతాడు. పైపులు ఎక్కడెక్కడ పోవాలో ముందే అనుకుని, మధ్యలో రెక్క వెల్డింగ్ చేసిన గొట్టాన్ని కాంక్రీటు పోసేటప్పుడే పెట్టేస్తే ఈ గొడవ ఉండదు. కానీ మన దగ్గర ప్లంబరును మాట్లాడుకునేది పెయింటరు వచ్చే ముందు.

పూతల విషయానికి వస్తే, నీరు వచ్చే వైపు పూసింది నిలుస్తుంది. నీరే దాన్ని గోడకు అదుముతుంది. లోపలి వైపు పూసినదాన్ని నీరు వెనక నుంచి నెట్టి ఊడగొడుతుంది. పాత పద్ధతిలో కడప బండలను అడుగున, చుట్టూ సిమెంట్ మాల్‌తో పేర్చి పెట్టెలా కట్టి, లోపల రాఫ్ట్ పోసేవారు, సందుల్లోకి సిమెంట్ పాలు ఎక్కించేవారు. పనివాడు నమ్మకస్తుడైతే అది ఇప్పటికీ నిలిచే పనే, కాకపోతే వందల సందులున్న పని. తారు షీటుని మంటతో అంటించడం, హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు ముందే పరిచి దాని మీద కాంక్రీటు పోయడం కొత్తవి. ఏదైనా సరే, మట్టి పూడ్చేటప్పుడు జేసీబీ దొర్లించే రాళ్లకు చిరగకుండా అడ్డుగా బోర్డు గానీ ఇటుక గోడ గానీ లేకపోతే పెట్టిన డబ్బు మట్టిలో పోసినట్టే. అడుగున నీరు ఊరుతుండగా, తడి మీద తారు షీటు అంటదు. నీటిమట్టాన్ని గొయ్యి అడుగుకి అరమీటరైనా కిందికి దించాకే ఆ పని మొదలవ్వాలి. ఇసుక నేలలో గొయ్యిలోనే మోటారు పెట్టి తోడితే అడుగు ఇసుక ఉడికినట్టు పైకి తన్నుకొస్తుంది, పక్కింటి పునాది కింద ఖాళీ ఏర్పడుతుంది. చుట్టూ వెల్ పాయింట్లు అనే సన్న చిల్లుల గొట్టాలు దించి తోడటం ఖరీదే కానీ, పక్కింటివాళ్లతో గొడవ పడటం కంటే చవక.

కారిన నీటిని ఆపకుండా గోడ వెనక సందులో పట్టి, కాలవలోకి మళ్లించి, పంపుతో బయటికి తోసే పద్ధతీ ఉంది. బ్రిటన్‌లో దాన్ని ఒక ప్రామాణిక పద్ధతిగానే గుర్తించారు. ఇక్కడ దానికి ఒకటే అడ్డంకి. తుపాను రోజున నీళ్లు ఎక్కువ, కరెంటు లేదు. జనరేటర్, రెండో పంపు లేకుండా ఆ పద్ధతిని నమ్ముకోవడం కష్టం.

కట్టేశాక కారుతున్న చోట బాగుచేయాలంటే జాయింటును అడ్డంగా కోసేలా ఏటవాలుగా రంధ్రాలు వేసి, నీరు తగలగానే నురగలా ఉబ్బే పాలీయురిథేన్ ఎక్కించడం ఎక్కువగా చేస్తారు. నీళ్లు ధారగా వస్తుంటే ముందు ఒక చిన్న పైపు పెట్టి ధారను అందులోంచి పోనిచ్చి, చుట్టూ మూసి, పైపును చివర్లో మూయాలి. ఒక చోట మూస్తే పక్కన తేలుతుంది కాబట్టి ఒక్క రోజులో తెమిలే పని కాదు. అన్ని చెమ్మలకూ కంగారు అక్కర్లేదు. జుట్టంత సన్నని పగులులో కాంక్రీటులోని సున్నమే తెల్లగా పేరుకుని కొన్ని వారాల్లో దారి మూసేయడం మామూలే. తెల్లచార పెరుగుతూ, తడి ఆగకపోతేనే మనిషిని పిలవాలి. గోధుమ రంగు మరక కనిపిస్తే ఆగకూడదు, అది ఊచల తుప్పు.

ఇదంతా మట్టి పూడ్చకముందే తేల్చుకోవడానికి సంపుకు ఓ పరీక్ష ఉంది. నిండా నీళ్లు నింపి, కాంక్రీటు తాగాల్సింది తాగేదాకా ఏడు రోజులు వదిలేసి, తర్వాత ఇంకో ఏడు రోజులు ఇరవై నాలుగు గంటలకోసారి మట్టం రాసుకోవాలి. అంతదాకా చుట్టూ మట్టి వేయకూడదని కోడ్ కూడా చెబుతుంది. వేయకపోతేనే బయటి గోడ మీద తడి ఎక్కడ పొడుస్తుందో కనిపిస్తుంది. సెల్లార్‌ను నీళ్లతో నింపలేం కాబట్టి, పైబరువు సరిపోయిందని ఇంజనీరు చెప్పాక తోడే మోటార్లు ఆపి, ప్లాస్టరింగ్ చేయకుండా, టైల్స్ వేయకుండా కొన్నాళ్లు గోడ మూలలు చూడాలి. కనిపించిన ప్రతి తడి మచ్చ చుట్టూ సుద్దముక్కతో గీత గీసి పక్కన తేదీ రాయించి, ఆ గీతలన్నీ ఎండాకే మట్టి ట్రాక్టర్‌కి ఫోన్ చేయాలి.